గోడకు అంటించిన నగరం

ఏప్రిల్ 19, 1990. గురువారం

కవరు వచ్చింది.

లింగప్ప తెచ్చాడు. అతను మా ఆయన స్నేహితుడు, లారీ నడుపుతాడు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన ఒక మనిషి బొంబాయిలో ఇచ్చాడట. అందుకే కవరు మీద స్టాంపు లేదు.

ఈ నోటుబుక్కు కూడా ఆయనదే. బోర్డులు రాసేటప్పుడు ఇందులో అక్షరాలు గీసుకొనేవారు. ముందు పది కాగితాల నిండా కన్నడం, ఉర్దూ, ఇంగ్లీషు. తరువాత అంతా ఖాళీ. నేను మక్తల్ బడిలో ఐదు వరకే చదివాను. తప్పులుంటే చూసేదెవరు? పిండి డబ్బా వెనక పెడతాను.

కవరులో ఉత్తరం లేదు. బొమ్మ ఉంది. నీళ్ళ రంగులతో వేశారు. తెల్లటి ఇళ్ళు, గుండ్రటి గుమ్మటాలు, నల్ల బురఖాల ఆడవాళ్ళు నలుగురు. పక్కన పొడవాటి గోడ, దాని మీద ఏవో అక్షరాలు. వెనక తెలుగులో రాశారు. "అమ్మకు, నాయినకు, సూగికి. నేను మంచిగున్న. ఇది నేనున్న ఊరు."

నా పేరు సూగి అని రాశారు. అత్త ముందు చదవడానికి సిగ్గేసి ఆ మాట వదిలేశాను.

అత్త బొమ్మను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. "చూడు పిల్లా, ఎంత సఫాయిగున్నదో ఊరు! ఒక్క పంది లేదు, ఒక్క మురుగు మోరి లేదు."

"బొమ్మల మోరి ఎవడేస్తడే," అన్నారు మామ.

"నీకు కడుపుమంట. నిన్ను ఎవరన్న పిలిసిన్రా కువైట్‌కు? తహసీల్ కచేరీల జవానుగ ఉండి కచేరీల్నే ముసలోనివైతివి."

మామ నవ్వలేదు. బొమ్మను వాకిలి దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో పట్టుకొని చాలాసేపు చూశారు.

"ఏం రాసుందయ్యా ఆ గోడ మీద? నువ్వు నిజాం జమానాల ఉర్దూ బడిల సదివినోనివి గదా," అంది అత్త.

"ఇది అరబ్బీ. ఉర్దూ వేరే, అరబ్బీ వేరే. నాకు రాదు."

అత్త మెతుకులు నలిపి నడిమింటి గోడకు బొమ్మను అంటించబోయింది. మామ వద్దన్నారు. పెట్టెలో పెట్టమన్నారు.

"ఎందుకు?"

"ఉత్తగనే."

"పెట్టెల పెడితే వచ్చినోల్లకు ఎట్ల కనపడ్తది?" అని అంటించేసింది.

మే 24. గురువారం

రెండో బొమ్మ. సముద్రం. నీళ్ళలో పెద్ద పెద్ద బండలు, వాటి మధ్య గుండ్రటి పడవ. మన కృష్ణలో పుట్టి తిరిగినట్టే. అక్కడ కూడా పుట్లు ఉంటాయని నాకు తెలియదు.

అత్త వీధిలోని ఆడవాళ్ళందరినీ పిలిచి చూపించింది. చెన్నప్ప వాళ్ళింటి కోడలు "సముద్రంల గిన్ని బండలుంటయా" అంటే, "నువ్వు చూసొచ్చినవా?" అని అత్త దాని నోరు మూయించింది. 

ఉగాది మరునాడు ఆయన వెళ్తుంటే ఈ వీధి వాళ్ళే స్టేషనుకు వచ్చి మెడలో దండ వేశారు. రాయచూరులో బోర్డులు రాసేవాళ్ళు ఎంతమంది లేరు! కువైట్‌కు పిలిచింది మాత్రం ఆయన్నే. ఏజెంటు బొంబాయిలో చేయి చూసి, ముత్యాలలాంటి రాత అన్నాడట. అత్త ఈ మాట రోజూ ఎవరో ఒకరికి చెబుతుంది.

జూన్ 21

మూడో బొమ్మ. రెండు మినార్లు, మబ్బులదాకా ఉన్నాయి. ఎర్ర పట్టీ, తెల్ల పట్టీ, మళ్ళీ ఎర్ర పట్టీ. పైన బూడిద రంగు మబ్బు. మొదటి రెండిటికన్నా ఇదే బాగుంది. 

మూడు బొమ్మలూ గోడ మీద వరసగా ఉన్నాయి. రొట్టెలు చేస్తుంటే వంటింట్లోంచి మూడోది కనబడుతుంది.

ఎందుకో దాన్నే చూస్తున్నాను.

జూన్ 30

మధ్యాహ్నం అత్త పడుకున్నాక మొదటి బొమ్మలోని గోడ రాతను ఈ నోటుబుక్కులోకి ఎక్కించుకుంటున్నాను. చదవడానికి కాదు. ఆయన చెయ్యి ఎటు తిరిగిందో నా చెయ్యీ అటే తిరుగుతుంది, అంతే. కుడి నుంచి ఎడమకు. ఒక కొక్కెం, ఒక గీత, మూడు పళ్ళు. అన్నీ అయ్యాక చుక్కలు. కింద రెండు, పైన మూడు, తరువాత రెండు, ఒకటి, ఒకటి. తొమ్మిది. ఇప్పుడు చూడకుండా వేయగలను.

జూలై 10. మంగళవారం

గాజుల చాంద్‌బీ వచ్చింది. అత్త నీళ్ళకు పోయింది. నా చేతికి గాజులు ఎక్కిస్తూ పక్కనున్న నోటుబుక్కు చూసి ఆగిపోయింది.

"ఎవరు రాసిన్రు బేటీ?"

"నేనే."

"అరె వా! మా పిల్లలకన్న మంచిగ రాస్తివి. ఏ గోడ మీదిది, తహసీల్ ఆఫీసుదా?" అని వేలు పెట్టి చదివింది. "యహాఁ ఇశ్తెహార్ లగానా మనా హై. ఇక్కడ కాయితాలు అంటియ్యొద్దు అని."

అరబ్బీ కదా అన్నాను.

చాంద్‌బీ నవ్వు ఆపుకోలేకపోయింది. "అరబ్బీల 'గ' యాడుంది పిచ్చిపిల్లా? మా ఖురాన్ల వెతుకు, గ లేదు, ప లేదు. ఇది ఖాలిస్ రాయచూరు ఉర్దూ. స్టేషన్ గోడకుంది, కచేరీ గోడకుంది. మీ ఆయన్నే అడుగు, ఊరంత ఆయన రాసిందే."

అత్త బిందె తీసుకొని లోపలికి వచ్చింది. నేను నోటుబుక్కు మూసేశాను. గాజు ఒకటి చిట్లింది.

కువైట్‌లో హైదరాబాదు వాళ్ళు చాలామంది ఉన్నారట. వాళ్ళ కోసం ఉర్దూలో రాసి ఉంటారు.

మామ అద్దాలు పాతవి. సరిగా కనబడి ఉండదు.

జూలై 11

మినార్లు కావు.

జూలై 12

నిన్న రాసింది కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు.

పెళ్ళయి మక్తల్ నుంచి వస్తున్న రోజు బస్సు కృష్ణ బ్రిడ్జి ఎక్కింది. నేను తల ఎత్తలేదు. ఆయన నా చెవి దగ్గర మెల్లగా అన్నారు. "అగో చూడు, కరెంటు ప్లాంటు పొగ గొట్టాలు. ఆ ఎర్ర పట్టీ, తెల్ల పట్టీ ఎవడేసిండో గాని, వానికి ఎంత ధైర్యమో." ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అదే. అప్పుడు తల ఎత్తి చూశాను. కింద నదిలో బండలు, బండల మధ్య పుట్టి.

అక్కడ కూడా అలాంటివి ఉంటాయేమో. ఉండకూడదని ఏముంది?

ఆగస్టు 3. శుక్రవారం

పీర్లు వీధిలోకి వచ్చాయి. అత్త బిందెడు నీళ్ళు పట్టుకొని పీరుకు సాక పోయడానికి నిలబడింది. డప్పుల మోతలో మొదట ఎవరికీ ఏమీ వినబడలేదు. రేడియో అంగడి ముందు గుంపు చేరింది. చెన్నప్ప పరుగెత్తుకొచ్చి, "హనుమవ్వా, కువైట్ల లడాయి! ఇరాకోల్లు నిన్ననే లోపటికొచ్చిన్రంట, ఊరంత పట్టుకున్నరంట," అన్నాడు.

అత్త బిందె పడిపోయింది. నీళ్ళు నా కాళ్ళ మీదుగా పారాయి.

అందరూ అత్తను పట్టుకొని ఏడ్చారు. నన్ను కూడా పట్టుకొని ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. భయపడి గడ్డకట్టింది, పాపం, అన్నారు.

ఆగస్టు 4

అత్త స్నానం చేసి దీపం ముందు అంది: "నా కొడుకు ఈ గడప తొక్కేదాక నేను రొట్టె ముట్ట. పూటకు ఇన్ని గంజినీళ్ళు, అంతే."

"గది మొక్కు కాదు, మొండితనం," అన్నారు మామ.

"నీకు కన్నకడుపు ఉంటే తెలుస్తుండె."

మామ రేడియో పట్టుకొని వాకిట్లోకి వెళ్ళిపోయారు. 

అత్తకు చెప్పాలి. ఏమని? మీ కొడుకు కువైట్ పోలేదనా? పోయారేమో. నేను చూశానా? ఒక బొమ్మ చూసి అలా ఎలా అంటాను?

రేపు చెబుతాను.

ఆగస్టు 7

రేపు చెబుతాను.

ఆగస్టు 11

అత్త గంజి సగమే తాగింది. లింగప్ప కోసం చూస్తున్నాను. లారీ హుబ్బళ్ళి వైపు పోయిందట. అతను వస్తే అడుగుతాను. అడిగి తెలుసుకొని చెబుతాను.

ఆగస్టు 19. ఆదివారం

కువైట్‌లో ఉన్న మనవాళ్ళను ఎడారి దాటించి విమానాలలో బొంబాయికి తెస్తున్నారని రేడియోలో చెప్పారు. ఎవరి పేర్లూ చెప్పలేదు. 

అత్తకు నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. గోడ పట్టుకొని బొమ్మల దగ్గరికి వెళ్ళింది. నన్ను పిలిచింది.

"వాడు ఏ ఇంట్ల ఉంటుండొచ్చు పిల్లా?"

నేను ఆమె మోచేయి పట్టుకున్నాను.

"ఈ గుమ్మటం కింద దాక్కున్నడనుకో. గుమ్మటం గట్టిది గదా, రాయితోటి కట్టుంటరు. ఈ గోడ మాత్రం పల్చగున్నది." వేలితో తడిమింది. ఇక్కడ కాగితాలు అంటించరాదు అని రాసి ఉన్న గోడను. "బాంబేస్తే ఈ గోడ ఆగుతదా? నువ్వు సదువుకున్నదానివి, చెప్పు."

"ఆగుతది అత్తమ్మా."

"నీ నోట్ల చక్కెర పడ. దీని వెనక నిలబడు బిడ్డా," అని బొమ్మతో అంది. "కదలకు."

మామ వాకిట్లో ఉన్నారు. రేడియోలో పాట వస్తోంది. ఆయన దాన్ని ఆపేయలేదు, వినడమూ లేదు.

ఆగస్టు 28

లింగప్ప వచ్చాడు. అడగలేకపోయాను. అతనూ నా ముఖం చూడలేదు. "ఏం ఖబర్ లేదు వదినా, బొంబాయిల అంత గడిబిడి," అని చాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఎప్పుడూ రెండు కప్పులు తాగే మనిషి.

సెప్టెంబరు 3. సోమవారం

ఈ రోజు జరిగింది అంతా రాయాలి.

దేవసూగూరు పోయి సూగూరేశ్వరునికి ముడుపు కట్టి రమ్మని అత్త వారం రోజులుగా అంటోంది. "నీ పేరే ఆ దేవుని పేరు. మీయమ్మ మొక్కుకుంటే పుట్టినవు. నువ్వు అడిగితే ఇంటడు." మామ తోడు వస్తారనుకున్నాను. "నాకు నడుము నొప్పి. నువ్వే పోయి రా పిల్లా," అన్నారు. నన్ను ఒంటరిగా గడప దాటనివ్వడం ఇదే మొదలు.

గుడిలో టెంకాయ కొట్టించాను. పసుపు గుడ్డ కట్టాను. ఏం అడగాలో తెలియలేదు. ఆయన్ను కాపాడు అని అడగడానికి నోరు రాలేదు. బయటికి వచ్చి బస్సుల వైపు పోకుండా ఇంకోవైపు నడిచాను. కాళ్ళే నడిచాయి. కరెంటు ప్లాంటు పొగ గొట్టాలు ఎదురుగా ఉన్నాయి. ఎర్ర పట్టీ, తెల్ల పట్టీ.

పొడవాటి కాంపౌండు గోడ. దాని వెంట చాలా దూరం వెళ్ళాను. నిచ్చెన కనబడింది. నిచ్చెన మీద కాళ్ళు కనబడ్డాయి. ఆ మడమలు నాకు తెలుసు.

ఆయన పుర్రె బొమ్మ కింద నాలుగు భాషల్లో ప్రమాదం అని రాస్తున్నారు. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు అయిపోయాయి. ఉర్దూ రాస్తున్నారు.

"ఇగో," అన్నాను.

ఆయన తిరిగి చూసి అలాగే ఉండిపోయారు. బ్రష్ నుంచి ఎర్ర రంగు నా చెప్పుల ముందు పడింది.

దిగి వచ్చాక మొదట అడిగింది, "ఎవరు చెప్పిన్రు నీకు?"

నేను పొగ గొట్టాల వైపు చూశాను. ఆయన కూడా చూశారు. నవ్వు వచ్చింది ఆయనకు, ఆగలేదు. "మినార్లనుకుంటరని ఏస్తి. నువ్వు గుర్తుపడితివా?"

ఏజెంటు వారం రోజులు ఒక గదిలో ఇరవై మందిని ఉంచి, ఒక పొద్దున గది ఖాళీ చేసి పోయాడట. ఆయన రైలెక్కి కృష్ణ దాకా వచ్చారు. రాయచూరు ఇంకొక్క స్టేషను. దిగిపోయారు. "దండ ఏసి పంపిన్రు సూగీ. ఆ దండ వాడకముందే ఎట్ల రావాలె? ఏం ముఖం పెట్టుకొని?" ఒక రంగుల మేస్త్రి దగ్గర పని దొరికింది. చాయ్ హోటల్‌లో ఒక క్యాలెండర్ ఉందట, అరబ్బు దేశానిది. దాన్ని చూసి బొమ్మలు వేశారు. క్యాలెండర్‌లో లేనివి చుట్టూ ఉన్నవి చూసి వేశారు.

"గోడ మీద అరబ్బీ రాయాలె. నాకేమొస్తది? చెయ్యికి ఏది అలవాటో అది రాసేసిన. ఎవరు సదువుతరు అనుకున్న."

"మామ?" అన్నాను.

"నాయినకు సూపు ఆనదు."

ఇప్పుడు లడాయి వచ్చింది కాబట్టి మంచిదే అయింది అన్నారు. మంచిదే అన్నారు. విమానాలలో వచ్చేవాళ్ళు వస్తున్నారు, వాళ్ళతో వచ్చానని చెప్పవచ్చు. ఎవరూ ఏమీ అడగరు. "జర గడ్డం పెరగాలె. మొఖం గుంజుకపోవాలె. గిట్ల నున్నగ పోతే నమ్ముతరా? పది దినాలు. పదే దినాలు." నా చేతిని తీసి తన తల మీద పెట్టుకొని ఒట్టు వేయించుకున్నారు. జుట్టులో రంగు అట్టకట్టి ఉంది.

అత్త సంగతి అంతా చెప్పాను. రొట్టె మానేసింది, గంజి కూడా సరిగా తాగడం లేదు అని చెప్పాను. పది రోజుల్లో వస్తానన్నారు.

వచ్చేటప్పుడు ఆయన బ్రష్ నా చేతికి ఇచ్చారు. ఖత్రా అని రాసి ఉంది, పైన చుక్క ఒక్కటే మిగిలింది. "పెట్టు," అన్నారు. ఎవరైనా చూస్తారేమో అని అటూ ఇటూ చూసి పెట్టాను. 

పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి ఒక పని చేయడం అదే మొదటిసారి.

సెప్టెంబరు 5

"ఏమన్నడు దేవుడు?" అని అత్త మళ్ళీ అడిగింది. 

"వస్తారన్నాడు."

"ఎప్పుడంట?"

పది రోజులు అనబోయి ఆగాను. దేవుడు అలా లెక్కపెట్టి చెప్పడు.

సెప్టెంబరు 9

అత్త లేవడం లేదు. వైద్యుడు వచ్చి చూసి, తినిపించండి, లేకపోతే పెద్దాసుపత్రికి తీసుకుపోండి అన్నాడు. అత్త పెదవులు బిగించుకుంది. మామ చెంచా పట్టుకొని, "హనుమవ్వా, వాడు బాగనే ఉన్నడు. నా మాట ఇను," అన్నారు.

"నీకెట్ల తెలుసు?"

మామ చెంచా గిన్నెలో పెట్టేశారు.

ఆరు రోజులు అయ్యాయి. ఇంక నాలుగు.

సెప్టెంబరు 13

పదో రోజు. వాకిలి రెండుసార్లు ఊడ్చాను. రాలేదు.

సెప్టెంబరు 14

గడ్డం ఇంకా పెరగలేదేమో.

సెప్టెంబరు 15. శనివారం

అత్త పొద్దున పోయింది. గోడ వైపు తిరిగి ఉంది.

సెప్టెంబరు 16

నిన్న రాయలేకపోయాను.

వీధంతా వచ్చింది. కొడుకు లడాయిలో చిక్కుకున్నాడు, కొరివి పెట్టేదెవరు అని చెన్నప్ప అడిగాడు. టెలిగ్రాం ఆఫీసుకు పోయి తార్ ఇద్దామా అన్నారు ఎవరో. "యాడికిస్తరు తార్?" అన్నారు మామ. కానీ లేవదీయనివ్వలేదు. మధ్యాహ్నం అయింది. మా అమ్మ వాళ్ళు మక్తల్ నుంచి వచ్చేశారు. అయినా మామ ఆగమన్నారు. బ్రిడ్జి వైపు నుంచి ఐదు గంటల బస్సు వచ్చేదాకా వాకిట్లో నిలబడ్డారు. బస్సు వచ్చింది, పోయింది. అప్పుడు లోపలికి వచ్చి, "పట్టుండ్రి," అన్నారు.

పోయే ముందు గోడ తడిపి బొమ్మలు మూడూ ఊడదీశారు. మెతుకులు గట్టిగా పట్టుకున్నాయి. మూలలు గోడకే ఉండిపోయాయి. మిగతావి అత్త రొమ్ము మీద పెట్టారు. "ఊరు చూడాలని దీనికి మస్తుండె," అన్నారు. 

లింగప్ప గుంపులో చివర నిలబడి ఏడ్చాడు. శవం లేవగానే లారీ తీసుకొని వెళ్ళాడు. ఎటు వెళ్ళాడో నాకు తెలుసు. అంటే నిన్న సాయంత్రానికే ఆయనకు తెలిసింది.

ఇంకొకటి రాయాలి.

మూడో తారీఖున అంతా చెప్పాను అని రాశాను. చెప్పలేదు.

అమ్మ ఎట్లున్నది అని ఆయన అడిగారు. మంచిగున్నది అన్నాను. అంతే చెప్పాను. తినడం లేదని చెబితే ఆయన అప్పుడే నిచ్చెన అక్కడ పడేసి నాతో బస్సెక్కేవారు. రంగు చేతులతోనే. వీధి అంతా వాకిళ్ళలోకి వచ్చి చూసేది. ఆయన తల వంచుకొని నడిచేవారు. ఆ తల వంగకూడదనుకున్నాను. అత్త ఇంకో పది రోజులు ఉంటుంది అనుకున్నాను.

బ్రష్ కూడా ఇచ్చారు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చుక్క పెట్టి వచ్చాను.

సెప్టెంబరు 24. సోమవారం

పదో రోజు కర్మ జరుగుతుంటే వచ్చారు. చేతిలో ఒక సంచి. తల గొరిగించి ఉంది. గడ్డం, మీసం కూడా తీయించినవే, అప్పుడే మొలుస్తున్నాయి.

అందరూ గొల్లుమన్నారు. చచ్చి బతికి వచ్చిన మనిషి, ఇంటికి వచ్చేసరికి తల్లి లేదు. చెన్నప్ప పట్టుకొని, "నీకు ముందే ఎట్ల తెలిసింది తమ్మీ, గుండు చేయించుకొస్తివి?" అన్నాడు.

"మొక్కుండె. పానంతోటి దిగితే గుండిస్త అని. బొంబాయిల దిగంగనే ఇచ్చిన."

జుట్టు తొమ్మిది రోజులదంత మొలిచింది. కృష్ణ ఒడ్డున చేయించుకున్నారు. చేయించుకొని, కువైట్ నుంచి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో అన్ని రోజులు అక్కడే కూర్చున్నారు.

మామ దర్భ ఆయన చేతికి ఇచ్చారు.

సెప్టెంబరు 27

రోజూ వస్తున్నారు అడగడానికి. ఎడారి ఎట్లుంది, నీళ్ళు ఎట్ల దొరికినయి, సిపాయిలు కొట్టిన్రా. మొదటి రోజు ఆయన రెండు ముక్కలు చెప్పారు. నిన్న ఎక్కువ చెప్పారు. ఈ రోజు ఒక గోడ వెనక మూడు దినాలు దాక్కున్నానని చెప్పారు.

నేను వంటింట్లో రొట్టె తడుతున్నాను. చేయి ఆగిపోయింది.

నాతో ఒంటరిగా ఉన్నప్పుడు ఒకటే అడుగుతారు. "నువ్వు వచ్చిన దినం మంచిగున్నదంటివి. అప్పుడు బాగనే ఉండెనా?"

"బాగనే ఉండె," అంటాను.

అక్టోబరు 1. సోమవారం

సాయంత్రం చెన్నప్ప వచ్చి కూర్చున్నాడు. ఆయన విమానం గురించి చెబుతున్నారు. మామ నల్ల రంగు డబ్బా, బ్రష్ తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఆయన పాత సామానే, అటక మీద ఉండేది.

"అంబరీషా, ఈ గోడ ఖరాబైంది. దీని మీద నాలుగు మాటలు రాయి."

నడిమింటి గోడ. ఊడదీసిన చోట మూడు మరకలు, మూలల్లో కాగితం ముక్కలు.

"ఏం రాయాలె నాయినా?"

"ఉర్దూల రాయి. నేను చెప్త. యహాఁ."

ఆయన రాశారు. చేయి అలవాటుగా తిరిగింది.

"ఇశ్తెహార్."

బ్రష్ ఆగింది. ఆయన వెనక్కి తిరగలేదు. మెడ మీద చెమట కనబడింది.

"రాయి. మంచిగ రాస్తవు నువ్వు. ముత్యాల లెక్క. లగానా. మనా హై."

చెన్నప్పకు ఉర్దూ రాదు కానీ ఆ మాటలు తెలుసు. ఊళ్ళో ఎవరికి తెలియవు? నవ్వాడు. "ఇంట్ల గోడకు అదెందుకు రంగయ్యన్నా? సర్కారీ గోడనా ఏంది?"

"హనుమవ్వకు అంటించుడు అలవాటు. వద్దంటే ఇనలే."

చెన్నప్ప నవ్వు సగంలో ఆగింది. ఏదో పని ఉందని లేచి వెళ్ళాడు. 

ఆయన పూర్తి చేశారు. గీతలు వంకరపోయాయి. బ్రష్ పట్టుకొని గోడకు ముఖం పెట్టి నిలబడ్డారు.

"చుక్కలేవి?" అన్నారు మామ. "చుక్కలు లేకుంటే ఎవరు సదువుతరు? మొదటి బొమ్మల అన్ని సరిగనే పెడితివి గదా. ఏప్రిల్‌లనే సదివిన నేను. వాకిట్ల, వెలుతురుల పట్టుకొని."

ఆయన చేయి పైకి లేవలేదు. భుజాలు ఊగుతున్నాయి. 

నేను వంటింట్లోంచి వచ్చాను. చేతులకు పిండి ఉంది. కొంగుకు తుడుచుకొని ఆయన వేళ్ళలోంచి బ్రష్ తీసుకున్నాను. కింద రెండు. పైన మూడు. తరువాత రెండు. ఒకటి. ఒకటి. తొమ్మిది చుక్కలు, ఎవరూ చెప్పకుండా పెట్టాను.

మామ నన్ను చూశారు. ఈ ఇంటికి వచ్చిన రెండేళ్ళలో ఆయన నా ముఖం నేరుగా చూడడం ఇదే మొదలు.

"నువ్వు గూడనా?" అన్నారు.

తల ఊపాను.

గోడ మీది నల్ల రంగు అత్త వేళ్ళు ఆనిన చోటికి కారింది. ముగ్గురం చూస్తూ నిలబడ్డాము, ఎవరూ తుడవలేదు.

ఈ ఇంట్లో అది చదవడం రానిది అత్తకొక్కదానికే.